ఐదు నిమిషాల్లో తేలిపోదండీ మొదటి సంచిక

‘కొత్త సైఫై (సైన్స్ ఫిక్షన్) కామిక్ మొదటి సంచిక మంచిదో కాదో ఐదు నిమిషాల్లో తేల్చే ఏడు సూత్రాలు’ అనే మెసేజ్ మళ్ళీ చక్కర్లు కొడుతోంది. పంపేవాళ్ళు కామిక్సు ముఖం చూడనివాళ్ళయితే సరేలే అనుకోవచ్చు. రోజూ చదివేవాళ్ళే ‘అక్షర సత్యం’ అని తగిలించి మరీ పంపుతున్నారు. సరే, ఒక్కొక్కటే చూద్దాం. అన్నిటికీ ఒకే మర్యాద చేసే ఓపిక మాత్రం లేదు.

మొదటి సూత్రం: కవరు బాగుంటే లోపల కూడా బాగుంటుంది.

కవరు గీసినవాళ్ళే లోపలి పేజీలు గీయాలని రూలేమీ లేదు. పైగా తొలి సంచికకు నాలుగైదు వేరియంట్ కవర్లు (లోపల అదే కథ, పైన వేరే బొమ్మ), వాటికి నలుగురైదుగురు చిత్రకారులు. క్రెడిట్లలో లోపలి బొమ్మలు ఎవరివో చూసుకోండి. దీనికింత చాలు.

రెండో సూత్రం: మొదటి ఐదు పేజీల్లో ఆ లోకం ఏమిటో, అక్కడి చరిత్రేమిటో, ఎవరు మంచివాళ్ళో స్పష్టంగా చెప్పకపోతే రచయితకు కథ చెప్పడం రాదన్నమాట. పక్కన పడేయండి.

నా గొడవంతా ప్రధానంగా దీనితోనే. మిగతావి నమ్మితే డబ్బో టైమో పోతుంది. ఇది నమ్మితే మంచి కథలే చేజారిపోతాయి.

ముందు లెక్క చూడండి. మామూలు అమెరికన్ నెలవారీ సంచికలో కథకు దక్కేది 20 నుంచి 22 పేజీలు. 20 అనుకుందాం. అందులో ఒక డబుల్ పేజీ బొమ్మ, ఒక పూర్తి పేజీ బొమ్మ పోతే మిగిలేవి 17. పేజీకి ఐదు ప్యానెళ్ళ (బొమ్మల గళ్ళ) చొప్పున 85. ముఖ్యపాత్రను పరిచయం చేయాలన్నా, ఆ మనిషికి ఏం కావాలో చూపాలన్నా, అడ్డం ఏమిటో పెట్టాలన్నా, చివర కథ మలుపు తిరగాలన్నా ఈ 85లోనే. మాటలకూ హద్దుంది. పాత సంపాదకులు చెప్పే కొలత ప్యానెల్‌కు 35 పదాలు, పేజీకి 210. అది దాటితే మాటలుండే బెలూన్లు బొమ్మను మింగేస్తాయి. ఇప్పుడు మెసేజ్ అడిగినట్టు మూడు గ్రహాల చరిత్ర, రెండు వంశాల వైరం, ఒక యంత్రం పుట్టుక ఐదు పేజీల్లో చెప్పండి. సంచికలో పావు వంతు పోయింది, ఇంకా ఎవరూ ఏమీ చేయలేదు! చిత్రకారుడు గీయాల్సింది కథ కాదు, కథకుడి మాటలు రాసే క్యాప్షన్ పెట్టెలకు ఖాళీ స్థలం.

దీనికన్నా ఘోరం, ఆ చరిత్రంతా పాత్రల నోట పెట్టడం. ‘మన గ్రహం మీద నీరు ఎండిపోయి నూరేళ్ళయిందని నీకు తెలుసు కదా, అన్నయ్యా!’ తెలిస్తే ఎందుకు చెప్తున్నట్టు? ఆ అన్నయ్యకు కాదు, మనకు చెప్తోంది. అది మనకు తెలిసిపోతూనే ఉంటుంది.

అదే సంగతి మూడు ప్యానెళ్ళలో ఎలా వస్తుందో చూడండి. మొదటి ప్యానెల్: ఒక అమ్మాయి గోడకున్న కుళాయి ముందు నిలబడి, పక్కనున్న పలక మీద అరచెయ్యి ఆనిస్తుంది. రెండో ప్యానెల్: దగ్గరగా గ్లాసు, పావు వంతు నీళ్ళు, పలక మీద 4 అన్న అంకె 3గా మారుతోంది. మూడో ప్యానెల్: ఆమె ఒక్క గుక్క తాగి, మిగిలింది చొక్కా లోపల దాచుకున్న సీసాలో పోసుకుంటోంది, చూపు మాత్రం తలుపు వైపు. ఒక్క మాట లేదు. నీటికి రేషనుందని తెలిసింది, లెక్క మనిషి చేతి మీద ఉందని తెలిసింది, దాచుకోవడం నేరమని తెలిసింది, ఆమె ఇంకెవరి కోసమో దాస్తోందని అనుమానం వచ్చింది. నూరేళ్ళ కరువు చరిత్ర ఆరో సంచికలో చెప్పుకోవచ్చు. మనం ఉంటాం, సీసా ఎవరికో తెలియాలి కాబట్టి.

మెసేజ్ రాసిన పెద్దమనిషి రెండు రకాల అయోమయాన్ని ఒకే గాట కట్టేశాడు. ‘ఎందుకు’ అన్నది తెలియకపోవడం మొదటి సంచికకు ఉండాల్సిన లక్షణం. ‘ఎవరు, ఎక్కడ, ఇప్పుడేం జరిగింది’ అన్నది తెలియకపోతే మాత్రం తప్పే, అక్కడ నిర్మొహమాటంగా మార్కులు తీసేయండి. సైఫైలో ఈ రెండో తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా తెలిసిందే. నలుగురికీ ఒకే రకం స్పేస్ సూట్లు, ఒకే ఎత్తు, హెల్మెట్ అద్దంలో మొహం కనిపించదు. ఎవరు చచ్చారో తెలియడానికి మరో రెండు పేజీలు కావాలి. చోటు మారినా కొత్త చోటును దూరం నుంచి చూపే ప్యానెల్ ఒక్కటీ ఉండదు. కొట్లాటలో ఎడమవైపున్నవాడు తర్వాతి ప్యానెల్‌లో కారణం లేకుండా కుడివైపు తేలుతాడు. వీటికి రచయితనో చిత్రకారుణ్ణో నిలదీయండి. ‘ఆ పలకేమిటో చెప్పలేదు’ అని మాత్రం నిలదీయకండి.

పరీక్ష కావాలా? క్యాప్షన్లను బొటనవేలితో కప్పి నాలుగు పేజీలు చూడండి. ఎవరికి ఏం కావాలో తెలిస్తే రచన నిలబడినట్టే. తర్వాత మొదటి మూడు పేజీల్లో కొత్తగా పుట్టించిన పేర్లు లెక్కపెట్టండి. పేరు పక్కనే ఆ వస్తువో ఆ మనిషో కనిపిస్తుంటే పది ఉన్నా ఫర్వాలేదు. బొమ్మ లేకుండా ఊరికే వినిపించే పేర్లు నాలుగైదు దాటితే పాఠకుడి చేతికి నిఘంటువు ఇచ్చినట్టే.

ఇంకో సంగతి. 1977 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో మొదలైన సైఫై వారపత్రిక ‘2000 ఏడీ’ అనగానే అందరికీ గుర్తొచ్చేది జడ్జ్ డ్రెడ్, పోలీసూ జడ్జీ తనే అయిన పాత్ర. మొదటి సంచికలో అతను లేడు! రెండో సంచికలో వచ్చాడు. అది రకరకాల కథలు కలిపి వేసే పత్రిక, ఒకే కథ సాగే సిరీస్ కాదు, నిజమే. అయినా ఐదు పేజీల సూత్రం పట్టుకుని కూర్చున్నవాడికి డ్రెడ్ దొరికేవాడా?

మూడో సూత్రం: చూడాల్సింది బొమ్మే. రంగులు, అక్షరాలు కంప్యూటర్ పని.

గీయడం కూడా ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ మీదే కదా, మరి దాన్నెందుకు వదిలేశారో! లెటరింగ్, అంటే బెలూన్లూ అక్షరాలూ పేజీలో అమర్చే పని, బాగుంటే ఎవరికీ కనిపించదు, చెడితే కథ చదవడమే కష్టం. ముందు మాట్లాడేవాడి బెలూన్ పైన, ఎడమవైపు పడాలి. చిత్రకారుడు ఆ మనిషిని ప్యానెల్‌లో కుడివైపు గీసేస్తే రెండు బెలూన్ల తోకలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్ళాలి, లేదా జవాబు ముందూ ప్రశ్న వెనకా చదువుతాం. మీరు ఒక పేజీని రెండోసారి చదవాల్సి వచ్చిందంటే, కథ లోతైనదని మురిసిపోయేముందు బెలూన్ల వరస చూడండి.

రంగుల సంగతి సైఫైకి మరీ ముఖ్యం. స్క్రీన్ మీద మెరిసే నీలం, ఊదా అచ్చుకొచ్చేసరికి చప్పబడతాయి. అచ్చుకు వాడే నాలుగు సిరాలకు (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు; పొట్టిగా సీఎంవైకే) ఆ వెలుగు రాదు. అంతరిక్షం నల్లగా ఉండాలని నాలుగు సిరాలూ దట్టంగా కుమ్మరిస్తే, నాలుగింటి శాతాలూ కలిపి 300 దాటాక కాగితం ఆరదు, మచ్చ ఎదుటి పేజీకి అంటుకుంటుంది. అక్షరాలు నల్ల సిరా ఒక్కదానితోనే అచ్చు కావాలి. నాలుగు సిరాలతో వేస్తే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ ఎర్రటి, నీలి అంచులు. ఇవన్నీ రంగులవాళ్ళు, లెటరర్లు ముందే కాసుకోవాల్సిన పనులు. కంప్యూటర్ దానంతటది చేయదు.

నాలుగో సూత్రం: సైన్సు తప్పు ఒక్కటి దొరికినా అది సైన్స్ ఫిక్షన్ కాదు.

కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదే. శూన్యంలో శబ్దం వినబడదు కాబట్టి పేలుడు పక్కన ‘ఢాం’ అని రాయకూడదట. ఆ అక్షరాలు పాఠకుడి కోసం, వ్యోమగామి కోసం కాదు. హెల్మెట్ లోపల మొహం మీద దీపం వెలగడం కూడా తప్పే, నిజంగా అలా పెడితే తొడుక్కున్నవాడికి ఎదుటిది కనబడదు. కానీ ఆ దీపం తీసేస్తే ఇందాక చెప్పిన ‘ఎవరు చచ్చారు’ గొడవ మళ్ళీ మొదటికొస్తుంది.

పట్టుకోవాల్సింది కథ తన మీద తాను పెట్టుకున్న నియమాన్ని తనే మీరిన చోటు. భూమికీ అంగారకుడికీ మధ్య రేడియో సందేశానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఆరో పేజీలో ‘జవాబొచ్చేలోపు మనం ఉండం’ అని భయపెట్టి, పదిహేడో పేజీలో భూమితో ఎదురెదురుగా కూర్చున్నట్టు మాట్లాడిస్తే, కథ నిలబడ్డ భయమే ఉత్తుత్తిదైపోయింది. అలాగే తిరిగే చక్రం లాంటి స్టేషన్. భూమి మీదున్నంత బరువు కావాలంటే, నిమిషానికి రెండు చుట్లు తిరిగే చక్రానికి వ్యాసార్ధం సుమారు 224 మీటర్లు ఉండాలి. ఆ అంకె సంచికలో ఉండక్కర్లేదు. కానీ లోపలి మనుషుల కాళ్ళు బయటి అంచు వైపు, తలలు ఇరుసు వైపు ఉండాలి. తలకిందులుగా గీస్తే రచయితా చిత్రకారుడూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదని అర్థం, ఆ తేడా తర్వాతి సంచికల్లో ఇంకా బయటపడుతుంది.

ఐదో సూత్రం: చివరి పేజీలో ఎవరైనా చావాలి, లేదా ఏదైనా పేలాలి.

నాలుగో పేజీలో పరిచయమైన మనిషి ఇరవయ్యో పేజీలో చస్తే ఎవరికి నొప్పి? మంచి చివరి పేజీ మనం అడుగుతున్న ప్రశ్ననే మారుస్తుంది. అది చదివాక తర్వాతి సంచిక దేని గురించో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు. సరి సంఖ్య పేజీ ఎడమవైపు పడుతుంది, తిప్పితేగానీ కనిపించదు కాబట్టి ఆశ్చర్యాలన్నీ అక్కడ పెడతారు. అదే బేసి పేజీలో, కుడివైపు, పెద్ద రహస్యం పెట్టారనుకోండి, ముందు పేజీ చదువుతుండగానే కంటికొస తగిలి రట్టయిపోతుంది. అన్నట్టు, ఫోన్‌లో ఒక్కో ప్యానెలే చూస్తూ చదివితే ఈ కిటుకేదీ పనిచేయదు. డబుల్ పేజీ బొమ్మ తపాలా బిళ్ళంత అవుతుంది. అలా చదివి ‘బొమ్మలు తేలిపోయాయి’ అని తీర్పులివ్వకండి.

ఆరో సూత్రం: చదవడానికి పావుగంట కూడా పట్టకపోతే డబ్బు దండగ.

దీన్ని కూడా కొట్టిపారేస్తానని అనుకుంటారేమో. లేదు, ఇందులో నిజముంది. మాటల్లేని పేజీ గీయడానికి రోజులు పడుతుంది, మనం క్షణాల్లో తిప్పేస్తాం, కాబట్టి గడియారం సరైన కొలబద్ద కాదు, అంతవరకే నా అభ్యంతరం. ఐదారు సంచికలు కలిపి పుస్తకంగా వేయడానికే రాసి, ఇరవయ్యో పేజీ వచ్చింది కదా అని ఎక్కడో ఒకచోట తెంపేసిన ‘మొదటి సంచికలు’ బోలెడు. 2012లో వచ్చిన సైఫై కామిక్ ‘సాగా’ మొదటి సంచికకు 44 పేజీలిచ్చి 2.99 డాలర్లే తీసుకున్నారు, అంటే ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. అరకొర సంచికకు పూర్తి ధర అడిగితే ‘పుస్తకంగా వచ్చాక కొంటా’ అనే పాఠకుణ్ణి తప్పుపట్టలేం. అందులో ఒక చిక్కుంది, అది కూడా చెప్పాలి. అమెరికాలో కామిక్ షాపులు మామూలుగా తిరిగి పంపే వీలు లేకుండా కొంటాయి, ఆర్డర్లు సంచిక రావడానికి కొన్ని వారాల ముందే ఖరారవుతాయి. మొదటిదాన్ని పాఠకులు ఎలా తీసుకున్నారో సరిగ్గా తెలిసేలోపే రెండోది ఎన్ని కాపీలు కావాలో షాపులు చెప్పేయాలి. అందరూ పుస్తకం కోసం ఆగితే, ఆ పుస్తకం దాకా సిరీస్ బతకకపోవచ్చు.

ఏడో సూత్రం: ‘సోల్డ్ అవుట్’ అంటే హిట్టే. నంబర్ వన్ మూడు కాపీలు కొని దాచండి, పదేళ్ళలో లక్షలు.

అరచేతిలో వైకుంఠం! ప్రచురణకర్తలు ‘సోల్డ్ అవుట్’ అని ప్రకటించేది సాధారణంగా పంపిణీదారు దగ్గర సరుకు అయిపోయినప్పుడు. షాపు అరల్లో గుట్టలుగా ఉండొచ్చు. ఆర్డర్లకు సరిపడా మాత్రమే అచ్చేస్తే ఏ సంచికైనా ‘సోల్డ్ అవుటే’. 1 ఇష్టు 25 వేరియంట్ అంటే, అది ఒకటి దక్కడానికి షాపు మామూలు కవరువి 25 కొనాలి. ఆ పాతిక పాఠకులు అడిగినవి కావు, కానీ అమ్మకాల అంకెల్లో చేరిపోతాయి.

ఇక లక్షలు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికకు అంత ధర ఎందుకంటే ఎవరూ దాచలేదు గనుక. పిల్లలు చదివి చింపేశారు, యుద్ధకాలంలో పాత కాగితాల కింద ఇచ్చేశారు. 1991లో ‘ఎక్స్ మెన్’ కొత్త సిరీస్ మొదటి సంచిక ఐదు కవర్లతో 80 లక్షలకు పైగా కాపీలు షాపులకు వెళ్ళింది. అందరూ దాచారు. మామూలు కాపీ ఇప్పటికీ చవగ్గానే దొరుకుతుంది. ఆ కొనుగోళ్ళ వెర్రి దిగాక ఎన్నో షాపులు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో ఆ ‘ఎక్స్ మెన్’ ప్రచురణకర్త మార్వెలే దివాలా పిటిషన్ వేసింది. అసలు ‘నంబర్ వన్’ అన్నదే ఒక భ్రమ. 1950లో ‘వియర్డ్ సైన్స్’ అనే సైఫై కామిక్ 12వ నంబరుతో మొదలైంది. కొత్త పత్రికకు మళ్ళీ పోస్టల్ పర్మిట్ తీసుకునే ఖర్చు కలిసొస్తుందని అంతకుముందున్న ఒక ప్రేమకథల పత్రిక నంబర్లనే కొనసాగించారు. మన పెద్దమనిషి ‘పన్నెండోది కదా’ అని దాన్ని వదిలేసుండేవాడు.

ఇంకా దాస్తామంటే కనీసం సరిగ్గా దాచండి. అటక మీద వద్దు, వేడికీ తేమకూ కాగితం పాడవుతుంది. యాసిడ్ లేని అట్ట వెనక పెట్టి, పాలీప్రొపిలీన్ సంచిలో వేసి, చల్లటి పొడి చోట నిలువుగా పెట్టాలి. పిన్ను దగ్గర సన్నటి మడత పడినా గ్రేడు (కాపీ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే మార్కు) దిగిపోతుంది కాబట్టి తెరవకూడదు. అంటే మొదటి ఆరు సూత్రాల్లో కవరుది తప్ప ఒక్కటీ ఆ కాపీల మీద వాడే వీల్లేదు.