ఎర్రరంగు పడిన పేటలు

అమెరికాలో నల్లజాతి కుటుంబాల పేదరికం చర్చకు వచ్చినప్పుడల్లా ‘వాళ్లకు పొదుపు చేతకాదు’ అనేవారు తయారవుతారు. అలాంటివారు డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గరున్న గోడను ఒకసారి చూసిరావాలి. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు. 1941లో ఓ బిల్డర్ కట్టించాడు. తెల్లజాతివారి కోసం అతడు వేసిన వెంచర్‌ను ఆనుకుని నల్లవారి పేట ఉందని ప్రభుత్వం గృహరుణాలకు గ్యారంటీ ఇవ్వలేదు. మధ్యలో గోడ లేచాక ఇచ్చింది.

గోడ కంటికి కనిపించేది. అసలు పనంతా కాగితాల మీద జరిగింది. మహామాంద్యంలో ఇళ్లు జప్తు కాకుండా చూసేందుకు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో పెట్టిన సంస్థ 200కు పైగా నగరాలకు మ్యాపులు గీయించి, పేటలకు నాలుగు రంగులు వేసింది. ఎరుపంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదమని అర్థం. నల్లవారుండే పేటకు దాదాపు అన్నిచోట్లా ఎరుపే. గృహరుణాలకు గ్యారంటీ ఇచ్చేందుకు ఆ మరుసటి ఏడాది వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంకాస్త ముందుకెళ్లి, ఇతర జాతులకు చోటివ్వని షరతులు దస్తావేజుల్లో ఉంటే మేలని తన మాన్యువల్‌లోనే రాసుకుంది.

బ్యాంకు మొహం చాటేస్తే జనం ఏం చేస్తారు? షికాగోలో ‘కాంట్రాక్టు’ మీద కొన్నారు. ధర మార్కెట్ రేటు కంటే ఎంతో ఎక్కువ. ఆఖరి వాయిదా కట్టేదాకా ఇల్లు వారి పేరు మీదికి రాదు. ఒక్క కిస్తీ తప్పినా ఇల్లూ పోయేది, కట్టిన డబ్బూ పోయేది. వీళ్లు పొదుపు చేయలేదనడానికి నోరెలా వస్తుంది?

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో, గృహ వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. అప్పటికే శివార్లలో చవగ్గా కొన్న ఇళ్లు తెల్లజాతి కుటుంబాలకు పిల్లల కాలేజీ ఫీజులుగా, వారసత్వ ఆస్తిగా మారుతున్నాయి. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ సంపద 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 44,900. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు లోన్ తీసుకుని ఇల్లు కొంటున్నారంటే ఆ 1968 చట్టం పుణ్యం కూడా అందులో ఉంది. వాట్సాప్‌లో పొదుపు పాఠాలు చెప్పే పెద్దలకు ఎవరైనా ఇది ఫార్వర్డ్ చేస్తే బాగుండు.

ఇలినాయ్‌లోని ఎవాన్‌స్టన్ పట్టణం 2021లో, నాటి గృహ వివక్ష బాధితులకూ వారి వారసులకూ ఇంటి ఖర్చుల కోసం, గంజాయి అమ్మకాలపై వచ్చే పన్ను సొమ్ము నుంచి 25,000 డాలర్ల చొప్పున ఇవ్వాలని తీర్మానించింది. దానిపైనా కోర్టు కేసు పడింది. ఒక చిన్న పట్టణం ఆ పన్నుతో తీర్చగలిగే బాకీ కాదిది. మ్యాపులు గీయించింది వాషింగ్టన్. చెల్లించాల్సిందీ వాషింగ్టనే.