తలగడ కింది ముక్కు చుక్కల సీసా గారికి

అయ్యా,

తిరుపతి నుంచి ఒక ఇల్లాలు రాసుకునే విన్నపం. మార్గశిరంలో మా ఆయన కొండమీద తలనీలాలిచ్చి, ఆ చలికి జలుబు పట్టించుకుని దిగినప్పుడు తమరు మా ఇంట అడుగుపెట్టారు. జైలోమెటాజోలిన్ అని పేరైతే గంభీరంగానే ఉంది. వరసగా ఐదు రోజులకు మించి తమర్ని వాడకూడదట. ఇప్పుడు చిత్తూరు తోటల్లో తోతాపురి కోతకొచ్చింది. తమరింకా తలగడ కిందే ఉన్నారు.

అర్ధరాత్రి దాటాక మంచం కిర్రుమంటుంది. కళ్లు తెరవకుండానే మా ఆయన చెయ్యి తలగడ కిందకి పాకుతుంది. మూత తిరిగిన చప్పుడు, తల వెనక్కి వాల్చడం, రెండు చుక్కలు, ఒక పెద్ద ఎగపీల్పు. తర్వాత సీసాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఇంకా ఎంత మిగిలిందో వింటాడు! పెళ్లయినప్పటి నుంచీ నా మాట అంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు. మొన్న తమర్ని ఇంట్లో మర్చిపోయి, లీలామహల్ సెంటర్ దాకా వెళ్లినవాడు బండి వెనక్కి తిప్పాడు. పర్సు మర్చిపోయినప్పుడు మాత్రం ఫోన్ చేసి నన్ను తెచ్చివ్వమన్నాడు.

తమరి వ్యాపారం ఈఎన్‌టీ డాక్టరు గారు విప్పి చెప్పాకే అర్థమైంది. ముక్కు బిగుసుకుంటే చీమిడి అడ్డుపడిందనుకుంటాం గానీ, ఎంత చీదినా ఏమీ రాదు. లోపలి రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకవుతుంది. తమరు వాటిని బిగించి నిమిషాల్లో గాలి అప్పిస్తారు. మందు పట్టు వదలగానే నాళాలు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతాయి. ఆ వడ్డీ కట్టడానికి మళ్లీ తమరి దగ్గరికే రావాలి. కాల్‌మనీ వాళ్లు నయం, వాళ్లకి కనీసం చెడ్డపేరుంది. తమర్నేమో మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తారు.

ఆరోగ్యంగా ఉన్నవాడికి కూడా కొన్ని గంటలకోసారి ఒక ముక్కు కాస్త బిగిసి, రెండోది వదులవడం మామూలేనట. మా ఆయన దాన్నీ తమరి పద్దులోనే రాసేశాడు.

అత్తమ్మ వాము వేయించి మూటకట్టి ముక్కు దగ్గర పెట్టింది. వాసన తెలిస్తే కదా! ప్రసాదం లడ్డూ తిని "తియ్యగా ఉంది" అన్నాడు. పచ్చకర్పూరం ఊసే లేదు. తిరుపతిలో పుట్టినవాడు లడ్డూ గురించి అనాల్సిన మాటేనా అది?

డాక్టరు గారు ముక్కు లోపలి వాపు తగ్గించే ఫ్లూటికాసోన్ స్ప్రే రాశారు. ముక్కు మధ్య గోడ మీద పడకుండా, కొన చెవివైపుకి తిప్పి కొట్టాలట. గుణం తెలియడానికి రోజులు పడుతుందని ముందే చెప్పారు. ఒక్కసారి కొట్టగానే "ఇది పనిచెయ్యదు" అని ఈయన తీర్పు. ఇన్నాళ్లూ తమరు చేసిన అలవాటు మరి! రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడగమన్నారు. కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు నేరుగా పొయ్యకూడదన్నారు. ఆ పని నాది. అసలు మూలం దుమ్ము అలర్జీనట, కాబట్టి పరుపు ఎండలో వేసే పనీ నాదే.

ఒక్కసారిగా మానలేనన్నాడు కాబట్టి డాక్టరు ఒప్పుకున్న ఏర్పాటు ఇది: కుడి ముక్కు ఖాతా ఈ రాత్రితో మూసేస్తున్నాం. ఎడమదానికి ఇంకో వారం గడువు. ఆలోగా తలగడ కింద నుంచి తమర్ని వంటింటి అలమరాకి మారుస్తున్నాను. తాళం నా కొంగున ఉంటుంది.

ఇట్లు,
నిద్రకి మొహం వాచిన
ఒక ఇల్లాలు