వెనక్కి ఇచ్చిన పాస్

సార్వా కోతలు ముందుగా అయిపోయిన ఒక చేలో గత ఆదివారం సాయంత్రం పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే మా విలేకరి ఒకరు గట్టు మీద కాసేపు ఆగారు. పాతిన కొబ్బరి మట్టలే గోల్ స్తంభాలు. కొయ్యకాళ్లు గుచ్చుకుంటున్నా ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎడమ పక్కన ఆడుతున్న ఒక బక్కపలచని కుర్రాడికి బంతి అందింది. ఎదురుగా ముగ్గురున్నారు. వాడు బంతిని ఆపి, తలెత్తి చూసి, ఖాళీగా ఉన్న వెనకవాడికి ఇచ్చాడు. ఆ క్షణంలో అంతకంటే సరైన పని ఇంకొకటి లేదు. కానీ గట్టు మీద నుంచి నాలుగు గొంతులు ఒక్కసారే లేచాయి. "వెనక్కెందుకురా, ముందుకు కొట్టెహె!"

రెండోసారి బంతి వచ్చినప్పుడు ఆ కుర్రాడు తలెత్తలేదు. ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి వెళ్లి పంటకాలవలో పడింది. గట్టు మీదివాళ్లు చప్పట్లు కొట్టారు.

భారత ఫుట్‌బాల్ జట్టు చుట్టూ లేచిన గోల ఈ గట్టు మీది గోలే. 2025 నవంబరు 18న ఢాకాలో మన జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది. ఆ జట్టు చేతిలో మనం అంతకు ముందు ఓడి 22 ఏళ్లయింది. ఫిఫా ర్యాంకుల్లో 142వ స్థానానికి జారాం. 2027 ఆసియా కప్‌కి అర్హత అవకాశం అంతకు ముందే, అక్టోబరులోనే పోయింది. ఇక మొదలైంది: కోచ్ ఖాలిద్ జమీల్ ఆటతీరు పాతకాలపుది, ఆయన్ని మార్చండి అని. అప్పటికి ఆయన వచ్చి నాలుగు నెలలు కాలేదు.

ఈ డిమాండ్‌తో మేము ఏకీభవించడం లేదు. జమీల్ చేసినదంతా ఒప్పని మేము అనడం లేదు. ఆటతీరు మార్చమని ఒక మనిషిని పిలిచి, మార్చడానికి పట్టే కాలం మాత్రం ఇవ్వకపోవడం అన్యాయం అంటున్నాం. పైగా ఇది మనకి కొత్త కాదు. అయిదేళ్లు పనిచేసిన కోచ్ ఇగోర్ స్టిమాక్‌ని 2024 జూన్‌లో పంపేశారు. తర్వాత మనోలో మార్క్వెజ్ వచ్చారు. గోవా క్లబ్ జట్టుకి కూడా ఆయనే కోచ్, అంటే రెండు పడవల ప్రయాణం. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపుతో ఏడాదికే వెళ్లిపోయారు. 2025 ఆగస్టులో జమీల్ వచ్చారు. పధ్నాలుగు నెలల్లో ముగ్గురు కోచ్‌లు. ఒకరు బంతిని కాళ్ల దగ్గర ఉంచుకోమంటే, ఇంకొకరు వెనక నుంచి పాసులతో కట్టుకుంటూ రమ్మంటే, మూడో ఆయన ముందు గోల్ కాపాడుకోండి, తర్వాత మెరుపులా ముందుకెళ్లండి అంటున్నారు. ఆటగాడు ఎవరి మాట ఒంటబట్టించుకోవాలి?

జమీల్ తెచ్చిన మార్పు ఏమిటో కూడా చూద్దాం. డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు దగ్గరదగ్గరగా నిలబడి మధ్యలో ఖాళీ ఇవ్వకపోవడం, బంతి దొరకగానే రెండు మూడు పాసుల్లో అవతలి గోల్ దాకా వెళ్లడం, త్రో ఇన్‌లనీ ఫ్రీ కిక్‌లనీ గోల్ అవకాశాలుగా వాడుకోవడం. రెండు వారాల శిబిరంతోనే దీని ఫలం కొంత కనిపించింది. ఆగస్టు 29న మధ్య ఆసియా దేశాల సీఏఎఫ్ఏ నేషన్స్ కప్‌లో తజికిస్తాన్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించారు. ఆ రెండు గోల్స్ చేసిన అన్వర్ అలీ, సందేశ్ జింగాన్ ఇద్దరూ డిఫెండర్లే. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో, ర్యాంకుల్లో మనకంటే ఎంతో పైనున్న ఒమన్‌ని పెనాల్టీ షూటౌట్‌లో గెలిచారు. అప్పుడు అందరం భుజాల మీద ఎత్తుకున్నాం. మా పత్రిక కూడా ఎత్తుకుంది. మూడు నెలలు తిరక్కుండా అదే ఆటతీరుని పాతకాలపుది అన్నాం.

లోపం ఎక్కడుందో కూడా చెప్పాలి. మడ్గావ్‌లో అక్టోబరు 14న సింగపూర్ మీద చాంగ్తే గోల్‌తో మనమే ముందున్నాం. ఆ తర్వాత బంతిని మన దగ్గర నిలుపుకోలేకపోయాం. రెండు గోల్స్ ఇచ్చి 1-2తో ఓడిపోయాం. ఢాకాలో ఆట మొదట్లోనే గోల్ ఇచ్చాక, మిగిలిన సమయమంతా ఉన్నా బంగ్లాదేశ్ కట్టిన గోడని బద్దలు కొట్టలేకపోయాం. అవతలివాళ్లు మీదికొస్తే ఎలా ఆడాలో ఈ జట్టుకి కొంత తెలిసింది. అవతలివాళ్లు వెనక్కి తగ్గి కూర్చుంటే ఏం చేయాలో ఇంకా తెలియలేదు. జమీల్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇదే, గట్టిగా అడగాల్సిందే. దానికి జవాబు ఆయన్ని మార్చేస్తే దొరకదు. నాలుగో ఆయన వచ్చి మళ్లీ మొదటి పేజీ తిప్పుతారు.

ఓపికకి ఏం దక్కుతుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లం దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లో బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం కథ మన ఇంటి కథ. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో ఎంతతో ఓడిందో ఈ తరం పిల్లలకి చెబితే నమ్మరు: 1-10. మనవాళ్లలో ఎక్కువమంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. పది గోల్స్ తిన్న జట్టు కోచ్ అంటే ఈ రోజుల్లో విమానం దిగకముందే ఉద్యోగం ఊడుతుంది. ఆనాటి పెద్దలు ఆ ఓటమితో రహీంని శాశ్వతంగా పక్కన పెట్టలేదు. ఆటగాళ్లకి బూట్లు తప్పనిసరి చేశారు. 1956లో మెల్‌బోర్న్‌కి మళ్లీ ఆయన్నే పంపారు. ఆ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి, సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటికీ ఆ మెట్టు దాటలేదు.

ఆ నాలుగేళ్లలో రహీం మార్చింది ఆటగాళ్ల అలవాట్లని. అప్పట్లో మన పిల్లలకి బంతి దొరికితే చాలు, ఒక్కడే నలుగురిని తప్పించుకుంటూ వెళ్లాలన్న యావ. ఆయన డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి, అంతే. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు. దీనికి డబ్బు ఖర్చేముంది? ఒక బంతి, ఒక ఈల, నియమం తప్పితే ఆపే ఒక మాస్టారు ఉంటే చాలు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో కూడా ఇంతే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. గ్రూపు దశలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. సెమీస్‌లో గోల్ చేశాడు, ఫైనల్లోనూ చేశాడు. పీకే బెనర్జీ చేసిన ఇంకో గోల్‌తో అదే దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. మొదటి ఓటమికే జట్టంతా ఆయన మాట మీద నమ్మకం పోగొట్టుకుని ఉంటే ఆ ఫైనల్ ఎక్కడిది?

అంతకంటే దగ్గరగా, మన అమలాపురం వీధుల్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిని, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టిని 2016లో బ్యాడ్మింటన్ జోడీగా కలిపింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్. ఇద్దరూ కోర్టు వెనక నుంచి స్మాష్ కొట్టేవాళ్లే. ఇద్దరూ వెనకే ఉంటే నెట్ దగ్గర ఎవరుంటారన్న సందేహం వాళ్లకే ఉండేది. ఒకరి ఆటలోకి ఇంకొకరు వెళ్లి, అలవాటు లేని చోట నిలబడి, ఓడి, నేర్చుకుని ముందుకొచ్చారు. థామస్ కప్ గెలిచిన జట్టులో నిలిచింది 2022లో. ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు 2023లో. కోనసీమలో ఏ టీకొట్టు దగ్గరైనా ఈ గెలుపుల గురించి చెబుతారు. మధ్యలో గడిచిన ఆరేడేళ్లు కూడా చెప్పుకోవాలి.

జమీల్ ఇలాంటి పని ఒకసారి చేసి చూపించిన మనిషే. 2017లో మిజోరంలోని ఐజ్వాల్ జట్టుని అప్పటి జాతీయ క్లబ్ పోటీ ఐ లీగ్‌లో విజేతగా నిలిపింది ఆయనే. ఆ ముందు ఏడాదే ఆ జట్టు కింది డివిజన్‌కి దిగజారి, తర్వాత తిరిగి చేర్చుకుంటే ఆడింది. ఐజ్వాల్ అంటే మన రాజమండ్రి, కాకినాడ పాటి ఊరు. కొండవాలున చదునైన నేల దొరకడమే కష్టం. ఇక్కడ మనకి కనుచూపుమేరా చదునే. కాకపోతే క్లబ్ కోచ్‌కి ఆటగాళ్లు ఏడాదంతా చేతిలో ఉంటారు. దేశం కోచ్‌కి దొరికేది నెలకో రెండు నెలలకో పది రోజులు.

అసలు కోచ్ మీద కంటే ముందు కోపం దేశంలో ఫుట్‌బాల్‌ని నడిపే ఫెడరేషన్ మీద రావాలి. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక దేశంలోని పెద్ద క్లబ్ పోటీ ఇండియన్ సూపర్ లీగ్ 2025-26 సీజన్ 2025లో మొదలే కాలేదు. మన ఆటగాళ్లు నెలల తరబడి లీగ్ మ్యాచ్ ఆడకుండా దేశం జెర్సీ వేసుకున్నారు. వ్యవసాయం తెలిసిన మన జిల్లాలకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో గేట్లెత్తిన రోజే అంతర్వేది శివారు చేలోకి నీళ్లు రావు. కాలవలో పూడిక తీయకుండా, గుర్రపుడెక్క తొలగించకుండా గేటు దగ్గర ఉద్యోగిని తిడితే పొలం తడవదు. ఏ సీజన్‌కైనా లీగ్ ఎప్పుడు మొదలవుతుందో ముందే తేదీ చెప్పాల్సింది ఫెడరేషన్. జమీల్‌కి కనీసం రెండేళ్ల గడువు ఇస్తున్నామని బహిరంగంగా ప్రకటించాల్సింది కూడా ఫెడరేషనే. ఆ రెండేళ్లలో ఏ పద్ధతిలో ఆడతారో, ఏ వయసు జట్ల నుంచి ఆ పద్ధతి నేర్పుతారో జమీల్ కూడా ప్రజల ముందు పెట్టాలి.

మన దగ్గర చేయాల్సిన పని కూడా ఉంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో గెలిచాం, అదే మొదలు, అదే ఆఖరు. డెల్టాలో ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేక కాదు. ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్ కోసం అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చునే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకి ఆడే చోటు లేదు. కొన్ని బళ్లలో పీఈటీ మాస్టారు లేరు. మాస్టారున్న చోట అయిదారు తరగతుల పిల్లలకి రెండు బంతులు. వానాకాలం మూడు నెలలు బడి మైదానం మడుగే. ఎత్తు చేయడానికి నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించే దాత కోసం ప్రధానోపాధ్యాయులు ఊరంతా తిరుగుతున్నారు. జిల్లా పరిషత్తులు, పంచాయతీలు ఈ వేసవిలోగా మండలానికి ఒక్క మైదానమైనా మెరక చేయించాలి. ఇది కోట్లతో అయ్యే పని కాదు.

సంక్రాంతికి ఇంకా సమయం ఉంది. క్రికెట్‌కి, వాలీబాల్‌కి, కబడ్డీకి షామియానాలు వేసి బహుమతులు పెట్టే యువజన సంఘాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఈసారి పధ్నాలుగేళ్ల లోపు పిల్లలకి రహీం పద్ధతిలో ఒక ఫుట్‌బాల్ పోటీ కలపమని వారిని కోరుతున్నాం. జట్టుకి ఏడుగురు, డ్రిబ్లింగ్ లేదు, బంతి అందితే పాస్ ఇవ్వాలి, వెనక్కి ఇచ్చినా సరే. గట్టు మీద నుంచి ఎవరూ కేకలేసి చెప్పకూడదన్న నియమం కూడా మైకులో ముందే చదవాలి. ఏ ఊళ్లో ఈ పోటీ పెట్టినా మాకు కబురు చేయండి. మా విలేకరి వస్తారు. గెలిచినవాళ్లవీ ఓడినవాళ్లవీ పిల్లలందరి పేర్లూ జిల్లా పేజీలో అచ్చువేస్తాం.