సవరణ: మాంజా తగిలిన గద్దను ఎప్పుడు వదలాలి

మాంజాకు రెక్క తెగిన గద్దను కుట్లు మానగానే మేడ మీద నుంచి ఎగరేయొచ్చని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. పక్షులకు వైద్యం చేసే పశువైద్యులు చెప్పేది వేరు. మాంజా తరచుగా కోసేది రెక్క ముందు అంచున భుజానికీ మణికట్టుకీ మధ్య సాగే పలుచటి చర్మాన్ని. పైకి గాయం మానినా అది బిగుసుకుపోతే రెక్క పూర్తిగా విచ్చుకోదు. అందుకే పెద్ద పంజరంలో కొన్నాళ్లు ఎగరనిస్తారు. రెండు రెక్కలూ సమానంగా ఆడుతున్నాయా, ఆయాసం లేకుండా మళ్లీ మళ్లీ ఎగురుతోందా అని చూశాకే, వీలైతే దొరికిన చోటికి దగ్గర్లోనే వదులుతారు. గాల్లోకి విసరకూడదు, పెట్టె తెరిస్తే అదే వెళ్తుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గద్దను ఇంట్లో ఉంచుకోకూడదు కూడా. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి వెంటనే అటవీ శాఖకు అప్పగించండి. దాహమేస్తోందేమోనని నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.