పర్లాకిమిడి వకీలుకు కావలసింది ఆపి, వెనక్కి తిప్పి వినగల పాఠం

2024 జులై 1న మూడు కొత్త నేర చట్టాలు ఒకేసారి అమల్లోకి వచ్చాయి. ముప్పై ఏళ్లుగా నోటికి అలవాటైన సెక్షన్ నంబర్లు ఒక్క రోజులో పాతబడ్డాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ కోర్టుల్లోని తెలుగు వకీళ్లు చాలామంది ఆ మార్పును ఒకరినొకరు అడిగి, ఫోనులో చేతులు మారిన పట్టికలు చూసి, వాయిదా నాడు ఎదుటి పక్షం వాదన విని నేర్చుకున్నారు. వారికి శ్రద్ధ తక్కువై కాదు, నేర్పే ఏర్పాటు లేక.

డాక్టరు ఐదేళ్లకోసారి 30 క్రెడిట్ గంటల చదువు పూర్తి చేయాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. వకీలు మాత్రం అఖిల భారత బార్ పరీక్ష ఒక్కసారి గట్టెక్కితే చాలు, ఆ తర్వాత జీవితాంతం ఏం చదివారని అడిగేవారు లేరు. నిరంతర న్యాయవిద్య తప్పనిసరి కావాలన్న చర్చ పాతదే, దాన్ని మళ్లీ తవ్వను. అది వచ్చిన రోజున రికార్డు చేసిన ఆన్‌లైన్ పాఠానికి ప్రత్యక్ష సదస్సుతో సమానంగా క్రెడిట్ ఇవ్వాలన్నదే నా పట్టుదల.

వీడియో నడుస్తుంటే నిద్రపోరా అని కొందరు అడుగుతారు. పోవచ్చు. సదస్సులో సంతకం పెట్టి భోజనం వేళకు మాయమయ్యేవారూ ఉన్నారు. న్యూయార్క్‌లో అనుభవమున్న న్యాయవాది రెండేళ్లకు 24 క్రెడిట్ గంటలు పూర్తి చేయాలి, రికార్డు పాఠాలూ అందులోకి వస్తాయి. పాఠం మధ్యలో ఒక కోడ్ వినిపిస్తుంది. దాన్ని రాసి పంపితేనే క్రెడిట్. అంత చిన్న ఉపాయం మనకు చేతకానిదేమీ కాదు.

ఇక అసలు సంగతి. కక్షిదారు ఒకరు ఫోను తెచ్చి, అందులో బెదిరింపు మాటలు రికార్డయ్యాయని వినిపిస్తాడు. అది సాక్ష్యంగా నిలవాలంటే, ఆ మూడు కొత్త చట్టాల్లో ఒకటైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. దానిలో రెండు భాగాలు: ఒకటి దాఖలు చేసేవారు నింపాలి, రెండోది నిపుణుడు. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస, దాన్ని ఏ పద్ధతిలో లెక్కించారో రాయాలి. కటక్‌లో ఒక ఆదివారం సదస్సులో వక్త దీన్ని అరగంటలో చెప్పి దిగిపోతారు. రైలెక్కి వెళ్లి విన్నవారికి మిగిలేది ‘హ్యాష్’ అన్న పదం మాత్రమే. రికార్డు పాఠాన్ని హ్యాష్ విలువ దగ్గర ఆపవచ్చు, నమూనా పత్రాన్ని పక్కన పెట్టుకోవచ్చు, మళ్లీ వెనక్కి వెళ్లవచ్చు. పొద్దుటి వాయిదాకు ముందు రాత్రి పదకొండింటికి, అవసరం పడిన చోటే నేర్చుకోవచ్చు. నా దృష్టిలో అది సదస్సుకు ప్రత్యామ్నాయం కాదు, సదస్సు కన్నా మేలైన చదువు.

అది ఏ భాషలో ఉండాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటు వెళ్లాయి, ఇళ్లలో తెలుగు మిగిలింది. ఇక్కడి తెలుగు కక్షిదారు తన గోడు తెలుగులో చెబుతాడు, కింది కోర్టులో ఒడియా వినిపిస్తుంది, హైకోర్టు తీర్పు ఇంగ్లీషులో వస్తుంది. ప్రాణహిత ఒడ్డున గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఒడియా స్థానంలో మరాఠీ, మిగతా కథ ఇదే. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలని, నేర విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహిత 314వ సెక్షన్ చెబుతోంది. ఆ వివరణ కోర్టు గడప దాటాక కూడా సాగాలి, సాగించవలసింది వకీలే. చట్టాన్ని తెలుగులో ఎన్నడూ వినని వకీలు దాన్ని తెలుగులో ఎలా వివరిస్తారు?

గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. చదువు జనం మాట్లాడే భాషలో ఉండాలని పోరాడిన ఆయన, సవరలకు చదువు చెప్పడానికి సవర భాష నేర్చుకున్నారు. ఆ ఊరి వకీళ్లకే చట్టం తెలుగులో అందకపోవడం నన్ను బాధిస్తుంది. సుప్రీంకోర్టు తీర్పులు తెలుగులోకి అనువాదమవుతున్న కాలమిది. పాఠాన్ని తెలుగులో ఒక్కసారి రికార్డు చేస్తే పర్లాకిమిడికీ సిరొంచకూ అదే పనికొస్తుంది. ఒడిశా బార్ కౌన్సిల్, మహారాష్ట్ర-గోవా బార్ కౌన్సిల్ ముందుగా ఆ 63వ సెక్షన్ పాఠంతోనే మొదలుపెట్టాలి: గంట నిడివి, తెలుగులో, మధ్యలో ఒక కోడ్, చివర ఒక క్రెడిట్.