స్టిక్కర్ ఒక్కటే సరిపోదు

"పాత సర్వర్ ప్రాసెసర్ కొని, కింద చిన్న స్టిక్కర్ అతికిస్తే మీ డెస్క్‌టాప్ నేటి కంప్యూటర్లతో సమానం" అనే సందేశం మళ్లీ వచ్చింది. ఇందులో చెప్పేది ఇంటెల్ జియాన్ అనే సర్వర్ ప్రాసెసర్ గురించి: అది 771 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) కోసం చేసింది, డెస్క్‌టాప్ బోర్డులది 775 సాకెట్, రెండు కాంటాక్టుల స్థానాలు మార్చి దాన్ని ఇందులో పనిచేయించేదే ఆ స్టిక్కర్. పంపేవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. ఎవరో ఒకరు నిజంగానే బ్లేడు పట్టుకుని కూర్చుంటారన్న భయంతో ఇది రాస్తున్నాను.

"775 సాకెట్ ఉన్న ఏ బోర్డైనా చాలు" అన్నది అబద్ధం. 915 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) ఉన్న బోర్డులకు ఇంటెల్ కోర్ 2 తరం ప్రాసెసర్లే ఎక్కవు, ఇక ఆ తరం జియాన్ ఎలా ఎక్కుతుంది? "సర్వర్ ర్యామ్ కూడా వాడుకోవచ్చు" అన్నదీ అంతే. ఈ తరంలో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఉండేది చిప్‌సెట్‌లో. ప్రాసెసర్ మారిస్తే ర్యామ్ రకం మారదు.

"బయోస్ జోలికి వెళ్లనక్కర్లేదు" అట. బయోస్‌లో, అంటే బోర్డును మొదట మేల్కొలిపే ప్రోగ్రాంలో, ఆ ప్రాసెసర్‌కు సంబంధించిన మైక్రోకోడ్ (దాన్ని సరిగా నడిపించే చిన్న కోడ్) లేకపోతే కొన్ని బోర్డులు అసలు బూట్ కావు. దాన్ని బయోస్‌లో చేర్చే పని పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే చేయాలి. తీసేశాక గుర్తొస్తే మళ్లీ అంతా విప్పాల్సిందే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట: "సాకెట్‌లో అడ్డొచ్చే రెండు ప్లాస్టిక్ బుడిపెలను బ్లేడుతో కోసేయండి, రెండు నిమిషాల పని." ఇది రాసినవారు సాకెట్‌ను ఒక్కసారైనా దగ్గరగా చూశారా? ఆ బుడిపెల పక్కనే వెంట్రుకల్లాంటి 775 పిన్నులు ఉంటాయి. ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది కాబట్టి బలంగా నొక్కుతారు. తెగిన క్షణాన బ్లేడు ఆగదు, నేరుగా పిన్నుల వరుసలోకి దూసుకెళ్తుంది. నాలుగు పిన్నులు ఒకదాని మీద ఒకటి పడ్డాక సూదితో లేపుతూ కూర్చోవాలి, లేస్తాయన్న హామీ లేదు. బ్లేడు జారకపోయినా ప్లాస్టిక్ తునక ఒకటి పిన్నుల మధ్య పడితే చాలు. పనిచేస్తున్న బోర్డును చేతులారా చంపుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. దీన్ని పిల్లలు కూడా చేయగలరని రాయడం ఎంత బాధ్యతారాహిత్యం!

"పేరులో ఎక్స్ ఉన్నది కొనండి, అది మేలు రకం" అనీ రాశారు. అలాంటి ఎక్స్5460 టీడీపీ, అంటే అది వెలువరించే వేడి లెక్క, 120 వాట్లు. చవక జీ31, జీ41 చిప్‌సెట్ బోర్డుల్లో చాలావాటిలో, ప్రాసెసర్‌కు కరెంటు సర్దే ఓల్టేజి రెగ్యులేటర్లకు వేడి లాగే హీట్‌సింక్ కూడా ఉండదు. ఆ వేడిని అవి ఎన్నాళ్లు మోస్తాయి?

ఇక "నేటి కంప్యూటర్లతో సమానం" సంగతి. ఇవి 2007 నాటి చిప్‌లు. వీటిలో ఎస్‌ఎస్‌ఈ4.2 లేదు, ఏవీఎక్స్ లేదు; ఇవి కొత్త సాఫ్ట్‌వేర్ కోరే ఇన్‌స్ట్రక్షన్లు, అంటే ప్రాసెసర్‌కు తెలియాల్సిన ఆదేశాలు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ వీటిపై బూట్ కాదు. ఏవీఎక్స్ తప్పనిసరిగా కోరే ఆటలు తెరుచుకోవు. సర్వర్ నుంచి వచ్చిందన్న పేరు లేని ఇన్‌స్ట్రక్షన్లను తెచ్చిపెట్టదు.

అయితే ఒక మాట ఒప్పుకుంటాను. ఈ జియాన్‌లలో ఈ5450 నిజంగా మంచి ప్రాసెసర్. 3 గిగాహెర్ట్జ్, నాలుగు కోర్లు, 12 ఎంబీ క్యాష్ మెమరీ: అచ్చం డెస్క్‌టాప్ కోర్ 2 క్వాడ్ క్యూ9650 లాగే, పైగా 95 వాట్లకు బదులు 80. చేతిలో ఇప్పటికే పీ45 చిప్‌సెట్ బోర్డు ఉండి, దాని మీద రెండు కోర్ల కోర్ 2 డుయో నడుస్తూ, లినక్స్ వాడేవారికి ఈ మార్పు తేడా కళ్లకు కనిపిస్తుంది. అలాంటివారు, సాకెట్ బుడిపెలు అడ్డురాకుండా ముందే ప్రాసెసర్ అంచుకు గాట్లు పెట్టి, స్టిక్కర్ అతికించి అమ్మే ప్రాసెసర్‌నే కొనండి, సాకెట్ దగ్గరికి బ్లేడు తీసుకెళ్లకండి. బోర్డు కూడా కొత్తగా కొనాల్సి వస్తే మాత్రం ఆ డబ్బు ఈ సాకెట్ మీద పెట్టకండి.