చిన్న దేశాల యుద్ధవిమానాలు ఎందుకు ఎగరలేకపోతున్నాయి

ఏదైనా దేశం కొత్త యుద్ధవిమానాలు కొంటున్నదన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన టీవీ చర్చల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ అంకెల పోటీ మొదలవుతుంది. వీరికి ఇన్ని ఉన్నాయి, వారికి అన్ని ఉన్నాయి, కాబట్టి వారిదే పైచేయి అని అప్పటికప్పుడు తేల్చేస్తారు. వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేసి, రిటైరై మిర్యాలగూడలో స్థిరపడిన నాకు ఈ లెక్క వినలేనంత బాధ కలిగిస్తుంది. తెల్లవారేసరికి ఫ్లైట్ లైన్ మీద ఎన్ని విమానాలు సర్వీసబుల్‌గా, అంటే ఎగరడానికి సిద్ధంగా, నిలిచాయి, వాటిలో కూర్చుని పోరాడగల పైలట్లు ఆ రోజు ఎందరున్నారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా ఎన్ని విమానాలు కొన్నారో చెప్పడం ప్రజలను తప్పుదారి పట్టించడమే. పెద్ద దేశాలు ఈ లోపాన్ని కొంతకాలం దాచుకోగలవు గానీ, ఇరవై ముప్పై విమానాలే ఉన్న దేశంలో అది తొందరలోనే బయటపడుతుంది.

మలేసియా సంగతే చూడండి. 2018లో ఆ దేశ రక్షణ మంత్రి మొహమద్ సాబు తమ దగ్గరున్న 28 రష్యన్ యుద్ధవిమానాల్లో నాలుగు మాత్రమే ఎగరగలిగే స్థితిలో ఉన్నాయని బహిరంగంగా చెప్పారు. దక్షిణాఫ్రికా స్వీడన్ నుంచి 26 గ్రిపెన్ యుద్ధవిమానాలను కొన్నది. 2013 నాటికే వాటిలో 12 విమానాలను దీర్ఘకాలిక నిల్వలో పెట్టేసింది, 2021లో నిర్వహణ ఒప్పందం కొనసాగక మిగిలినవి కూడా నేలకు పరిమితమయ్యాయి. అవి పాతబడిన విమానాలు కావు, మంచి విమానాలే. కొనడానికి డబ్బు దొరికింది, నడపడానికి దొరకలేదు. కొనుగోలుకు కెమెరాలు వస్తాయి, రిబ్బన్ కత్తిరింపులు ఉంటాయి. ఏటేటా స్పేర్లకు, ఓవర్‌హాల్‌కు, ఇంధనానికి పెట్టే ఖర్చుకు అవేవీ ఉండవు కాబట్టి బడ్జెట్ తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందుగా కోత పడేది అక్కడే.

విమానం ఎలా ఆగిపోతుందో తెలియని వారికి ఈ మాట చెప్పాలి. యుద్ధవిమానంలో ప్రతి భాగానికీ ఒక ఆయుష్షు ఉంటుంది: కొన్నింటికి ఎగిరిన గంటల్లో, కొన్నింటికి దిగిన సార్ల సంఖ్యలో, మరికొన్నింటికి క్యాలెండర్‌లో. ఇంజిన్‌కు గంటలు నిండితే ఓవర్‌హాల్‌కు, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడానికి, పంపాలి. ప్రమాదంలో పైలట్‌ను బయటకు విసిరే ఎజెక్షన్ సీటులోని పేలుడు కార్ట్రిడ్జ్‌కు గడువు ముగిస్తే, విమానం ఒక్క గంట కూడా ఎగరకపోయినా దాన్ని మార్చాలి. విమానం స్థితిని నమోదు చేసే ఫారం 700లో సంతకం చేసే మనిషి ఈ గడువులను దాటి విమానాన్ని పైకి పంపకూడదు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో కోతల సమయానికి ఒక్క బెల్టు దొరకక వరికోత మిషన్ పొలం గట్టున నిలిచిపోవడం మనందరం చూసినదే. ఇక్కడ ఆ బెల్టు వేరే దేశంలో తయారవుతుంది, అది ఇవ్వాలా వద్దా అన్నది ఆ దేశ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అర్జెంటీనా ఫ్రాన్స్ నుంచి ఐదు సూపర్ ఎతాందార్ విమానాలను కొని, వాటిని ఎగరేయలేకపోయింది. వాటి ఎజెక్షన్ సీట్లు బ్రిటన్‌లో తయారైనవి కావడం, తనతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత బ్రిటన్ అర్జెంటీనాకు సైనిక విడిభాగాలు అందకుండా అడ్డుకుంటూ రావడం అందుకు ముఖ్య కారణాలు.

స్పేరు రానప్పుడు చిన్న దళాలన్నీ చేసే పని ఒకటే: పక్కన ఆగి ఉన్న విమానం నుంచి ఆ భాగాన్ని విప్పి దీనికి బిగించడం. దీన్ని క్యానిబలైజేషన్ అంటారు. పని రెండింతలవుతుంది, విప్పేటప్పుడు బాగున్న పైపులూ కనెక్టర్లూ దెబ్బతింటాయి, చివరకు ఒక విమానం హ్యాంగర్ మూలన అస్థిపంజరంలా మిగులుతుంది. లెక్కల పుస్తకంలో మాత్రం అది కూడా ఒక యుద్ధవిమానమే.

ఇక పైలట్ల విషయం దీనికన్నా తీవ్రమైనది, ఎందుకంటే డబ్బు చేతిలో ఉన్నా పైలట్‌ను వెంటనే కొనలేము. అమెరికాలో ఒక ఎఫ్-16 పైలట్‌ను తయారు చేయడానికి సుమారు 56 లక్షల డాలర్లు ఖర్చవుతుందని అక్కడి ర్యాండ్ పరిశోధనా సంస్థ 2019లో లెక్క కట్టింది. అంత ఖర్చుతో తయారైన మనిషి కూడా ఎగరకపోతే పదును కోల్పోతాడు. ఏడాదికి సుమారు 180 గంటలు ఎగరాలని నాటో ప్రమాణంగా చెబుతారు. విమానాలు ఆగిపోతే గంటలు తగ్గుతాయి, గంటలు తగ్గితే పైలట్‌కు నైపుణ్యంతో పాటు ఆ వృత్తి మీద నమ్మకం కూడా తగ్గుతుంది, అదే సమయంలో పౌర విమానయాన సంస్థలు మంచి జీతంతో పిలుస్తాయి. వెళ్లిపోయే వారు సాధారణంగా అనుభవజ్ఞులే. వారే కొత్తవారికి నేర్పగలవారు. ఉన్న కొద్దిమందిని శిక్షకులుగా పంపితే స్క్వాడ్రన్ ఖాళీ అవుతుంది, పంపకపోతే రేపటికి పైలట్లే ఉండరు. వందలాది పైలట్లున్న దళం ఈ చిక్కును ఎలాగో దాటుతుంది. ఇరవై మంది ఉన్న దళం దాటలేదు.

రెండు విమానాలను రాత్రింబవళ్లు సిద్ధంగా ఉంచాలంటే ఎంతమంది కావాలో మీరే ఆలోచించండి. మూడు షిఫ్టులకు ఆరుగురు పైలట్లు. సెలవులు, అనారోగ్యం, కోర్సులు, తప్పనిసరి విశ్రాంతి కలిపితే ఆ సంఖ్య సులభంగా రెట్టింపవుతుంది, వీరి శిక్షణ సార్టీలకు (ఒక్కో విడత ఎగరడానికి) వేరే విమానాలు కావాలి, ప్రతి షిఫ్టుకూ టెక్నీషియన్లు కావాలి. స్విట్జర్లాండ్ లాంటి సంపన్న దేశమే ఈ ఖర్చును చాలాకాలం భరించలేదు. 2014 ఫిబ్రవరి 17న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దాని కో-పైలటే హైజాక్ చేసి జెనీవాకు తెచ్చినప్పుడు, తెల్లవారుజామున స్విస్ యుద్ధవిమానాలు పైకి లేవలేదు. అవి ఆఫీసు వేళల్లో మాత్రమే సిద్ధంగా ఉండేవి. ఇటలీ, ఫ్రాన్స్ విమానాలు దాని వెంట వచ్చాయి. ఆ దేశం 24 గంటల సన్నద్ధతకు చేరడానికి 2020 చివరి వరకు పట్టింది.

బల్గేరియాలో 2018 అక్టోబరులో గ్రాఫ్ ఇగ్నాతియెవో స్థావరంలోని మిగ్-29 పైలట్లు విమానాల భద్రత మీద అనుమానంతో శిక్షణకు ఎగరడానికి నిరాకరించారు. దాన్ని క్రమశిక్షణా రాహిత్యమని అనేవారితో నేను ఏకీభవించను. విమానం మీద నమ్మకం లేని పైలట్ ఆ మాట నేల మీదే చెప్పడం వృత్తిధర్మం. అదే ఏడాది కెనడా ఆడిటర్ జనరల్ కూడా, ఆస్ట్రేలియా నుంచి పాత హార్నెట్ యుద్ధవిమానాలు తెచ్చుకుంటే సమస్య తీరదని, అసలు కొరత అనుభవజ్ఞులైన పైలట్లదీ టెక్నీషియన్లదీ అని తేల్చి చెప్పారు.

నా దృష్టిలో నిజాయితీగా రెండే దారులున్నాయి. మొదటిది, నడపలేనివి వద్దనుకోవడం: న్యూజిలాండ్ 2001లో తన యుద్ధవిమాన విభాగాన్నే రద్దు చేసుకున్నది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని వాదించవచ్చు గానీ, ఎగరని విమానాలను చూపించి ప్రజలను నమ్మించలేదు. బాల్టిక్ దేశాలు మూడూ (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) 2004 నుంచి తమ గగనతల కాపలాను నాటో మిత్రదేశాలకు అప్పగించాయి. రెండో దారి సింగపూర్‌ది. ఎగరడానికి సొంత ఆకాశం సరిపోని ఆ దేశం ఆస్ట్రేలియాలో, ఫ్రాన్స్‌లో, అమెరికాలో, మన కలైకుండ వైమానిక స్థావరంలో కూడా ఏళ్ల తరబడి శిక్షణ పొందుతున్నది. ఆ ఖర్చు ఏటేటా భరిస్తున్నది కాబట్టే దాని దళాన్ని ఎవరూ తేలికగా తీసుకోరు. ఈ రెండింటికీ మధ్యన నిలబడి, విమానాలు కొని మనుషులను మరిచిన దేశాల్లో ప్రాణం పణంగా పెట్టేది పైలట్ ఒక్కడే.

మన దళం చిన్నది కాదు, అయినా ఈ రోగం మనకు దూరం కాదు. వేగమైన యుద్ధవిమానాలకు ముందు నేర్పే అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని 1982లోనే లాఫాంటైన్ కమిటీ చెబితే, అందుకు ఎంచుకున్న హాక్ విమానాల ఒప్పందం 2004లో కుదిరింది, అవి మన పక్కనే ఉన్న బీదర్‌లో 2008లో దళంలో చేరాయి. ఆ మధ్యకాలంలో కుర్రవాళ్లు కిరణ్ లాంటి నెమ్మది ట్రైనర్ల నుంచి నేరుగా మిగ్-21లోకి ఎక్కారు. పైలట్ల కొరత 2015లో 486 ఉండగా 2021 చివరికి 596కు పెరిగిందని, దుండిగల్‌లో శిక్షణకు వాడే పిలాటస్ విమానాల్లో ఇంజిన్ ఆయిల్ లీకులు వచ్చాయని కాగ్ తన నివేదికలో రాసింది.

ఇప్పుడు నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ నుంచి ఎందరో పిల్లలు అగ్నివీర్ వాయుగా చేరుతున్నారు. ఒక ఇంజిన్ మీద చేయి కుదరడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు. నాలుగేళ్లలో శిక్షణ పోను మిగిలేది ఆ పని నేర్చుకోవడానికే సరిపోతుంది, అప్పుడు నలుగురిలో ముగ్గురిని ఇంటికి పంపుతామంటే చిన్న దేశాలు డబ్బు లేక చేసుకున్న నష్టాన్ని మనం కోరి తెచ్చుకున్నట్టే. 2022 డిసెంబరులో చేరిన మొదటి బ్యాచ్‌కు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. ఆలోగా మన నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు పార్లమెంటులో ఒక ప్రశ్న వేయాలని కోరుతున్నాను: టెక్నికల్ ట్రేడ్‌లలో 25 శాతం పరిమితిని సడలించి, పని నేర్చిన వారిని ఎంతమందిని ఉంచుకుంటారు?